చంటిబిడ్డకు తనంతట తాను నిద్రలోకి జారుకోవడం అలవాటు చేసే విధానం

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల తెలుగు ఇళ్లలో చంటిబిడ్డను నిద్రపుచ్చడానికి తరతరాలుగా మూడు దారులు ఉన్నాయి. దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో వేసి ఊపుతారు, లేదా భుజాన వేసుకుని వీపు నిమురుతూ వసారాలో అటూ ఇటూ తిప్పుతారు, లేదా పాలు తాగుతూనే కళ్లు మూతలు పడేదాకా ఒడిలో ఉంచుకుంటారు. పుట్టిన తొలి నెలల్లో ఈ మూడూ బిడ్డకు కావలసినవే. అయితే ఆరేడు నెలల వయసు వచ్చాక కూడా ఎవరో ఒకరు ఊపితే తప్ప నిద్ర పట్టని స్థితి కొనసాగితే, రాత్రికి నాలుగైదు సార్లు లేచే తల్లి ఆరోగ్యం దెబ్బతింటుంది, ఇంటిల్లిపాదికీ అలసట పేరుకుంటుంది, బిడ్డకు సైతం కంటినిండా నిద్ర దక్కదు. బిడ్డను ఒంటరిగా వదిలి ఏడిపించకుండా ఈ అలవాటును నెమ్మదిగా మార్చే విధానాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

దీనికి వేరే గది గాని, ఖరీదైన ఊచల మంచం గాని అవసరం లేదు. తల్లి పక్క చాప మీదే ఉండవచ్చు, నాయనమ్మ అదే గదిలో పడుకోవచ్చు. మెలకువకూ నిద్రకూ మధ్య ఉన్న ఆఖరి అడుగును మాత్రం బిడ్డ స్వయంగా వేయగలగాలి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా కనీసం తొలి 6 నెలల పాటు బిడ్డను తల్లిదండ్రులు ఉన్న గదిలోనే, కాని విడిగా వేసిన పక్క మీద పడుకోబెట్టాలని చెబుతోంది. కాబట్టి ఒకటి రెండు గదుల్లో అందరూ కలిసి ఉండే మన ఇళ్లు ఈ పనికి ఏమాత్రం అడ్డు కావు.

రాత్రి మెలకువలు ఎందుకు వస్తాయి

చంటిబిడ్డ నిద్ర సుమారు 50 నుంచి 60 నిమిషాలకు ఒక ఆవృత్తిగా సాగుతుంది. ప్రతి ఆవృత్తి చివరా నిద్ర పలచబడి, బిడ్డ కొద్దిసేపు కదులుతుంది, ఒక్కొక్కప్పుడు కళ్లు తెరుస్తుంది. పెద్దలకూ ఇటువంటి మెలకువలు వస్తాయి గాని, పక్కకు ఒత్తిగిలి మళ్లీ నిద్రపోతాం గనుక తెల్లవారాక అవి మనకు గుర్తుండవు. ఊపుతూ ఉండగా నిద్రపోయిన బిడ్డ, కదలకుండా ఆగిన ఉయ్యాలలో కళ్లు తెరిచినప్పుడు, తాను నిద్రపోయిన వేళ ఉన్నది ఇప్పుడు లేదని గ్రహించి దానికోసం ఏడుస్తుంది. అదే బిడ్డ కదలని పక్క మీద, మెలకువగా ఉండగానే పడుకుని నిద్రపోయి ఉంటే, నడిరాత్రి కళ్లు తెరిచినప్పుడు పరిసరాలు మారి ఉండవు, ఆకలో అసౌకర్యమో లేకపోతే తిరిగి నిద్రలోకి వెళ్లిపోతుంది. ఈ విధానమంతా ఈ ఒక్క సూత్రం మీద ఆధారపడి ఉంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి

పుట్టిన తొలి మూడు నెలల్లో ఈ ప్రయత్నం చేయకూడదు. అప్పటికి రాత్రీ పగలూ తేడా తెలిపే అంతర్గత గడియారం బిడ్డకు ఇంకా ఏర్పడదు, చిన్న పొట్టకు రెండు మూడు గంటలకొకసారి పాలు కావాలి, ఏడ్చినప్పుడు ఎత్తుకోవడం తప్పనిసరి. ఎత్తుకుంటే చెడిపోతుందని పెద్దలెవరైనా అన్నా, ఆ వయసులో ఆ మాట పట్టించుకోనవసరం లేదు. నాలుగో నెల నిండిన తరువాత వేళలను క్రమబద్ధం చేయడం ప్రారంభించి, ఆరో నెల వచ్చేసరికి అసలు ప్రయత్నానికి దిగడం ఉత్తమం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ విషయంలో పుట్టిన తేదీ నుంచి కాక, పుట్టవలసిన తేదీ నుంచి నెలలు లెక్కించాలి. మొదలుపెట్టే ముందు, టీకాలు వేయించే రోజున బరువు తూయించి, ఎదుగుదల సక్రమంగా ఉందో లేదో ఆశా కార్యకర్తనో నర్సునో అడిగి తెలుసుకోవాలి.

ఈ ప్రాంతంలో మరొక సంగతిని కూడా దృష్టిలో ఉంచుకోవాలి. చాలామంది ఆడపిల్లలు పురుడు కోసం శ్రీకాకుళం, పార్వతీపురం వైపు ఉన్న పుట్టింటికి వెళ్లి, మూడో నెలలోనో ఐదో నెలలోనో ఒడిశాలోని అత్తవారింటికి తిరిగి వస్తారు. ఇల్లు, గాలి, గొంతులు, వాసనలు అన్నీ ఒక్కసారిగా మారిన ఆ రోజుల్లో బిడ్డ నిద్ర చెదరడం సహజం. తిరిగి వచ్చాక కనీసం ఒకటి రెండు వారాలు పాత పద్ధతిలోనే నిద్రపుచ్చి, బిడ్డ కొత్త ఇంటికి అలవాటుపడిన తరువాతే మార్పు తలపెట్టాలి. జ్వరం, జలుబు, విరేచనాలు ఉన్నప్పుడు, టీకా వేసిన రాత్రి, ఇంట్లో పెళ్లి పేరంటాలు జరుగుతున్నప్పుడు కూడా ఆరంభించవద్దు.

బిడ్డకు ఎంత నిద్ర కావాలో తెలిస్తే తల్లిదండ్రుల ఆందోళన సగం తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మూడు నెలల లోపు బిడ్డలకు పగలూ రాత్రీ కలిపి రోజుకు 14 నుంచి 17 గంటలు, 4 నుంచి 11 నెలల బిడ్డలకు 12 నుంచి 16 గంటలు నిద్ర ఉండాలి. పగటి కునుకులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి గనుక, పగలు ఐదారు గంటలు పడుకున్న బిడ్డ రాత్రి ఏడు గంటలకే పడుకుని తెల్లవార్లూ లేవకూడదని ఆశించడం న్యాయం కాదు.

పడుకునే చోటు

అన్నింటికంటె ఎక్కువ జాగ్రత్త తీసుకోవలసినది ఇక్కడే. బిడ్డ తనంతట తాను నిద్రపోతున్నదంటే ఎవరి కన్నూ తన మీద లేని క్షణాలు పెరుగుతాయి. అందువల్ల ఆ పక్కలో ప్రాణానికి ముప్పు కలిగించేది ఏదీ ఉండకూడదు. ఏడాది నిండేవరకు బిడ్డను ప్రతిసారీ వెల్లకిలానే పడుకోబెట్టాలి. అటూ ఇటూ సొంతంగా దొర్లడం వచ్చిన బిడ్డ నిద్రలో బోర్లా తిరిగితే వెనక్కి తిప్పవలసిన పని లేదు గాని, మనం పడుకోబెట్టేటప్పుడు మాత్రం వెల్లకిలానే. పక్క గట్టిగా, చదునుగా ఉండాలి. చాప మీద బాగా బిగుతుగా పరిచిన పలుచని బొంత చాలు. దూది పరుపు, మెత్తని రజాయి, దిండ్లు, బొమ్మలు పక్కలో పెట్టకూడదు.

తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెట్టడం మన ఇళ్లలోనూ ఒడియా ఇళ్లలోనూ ఉన్న ఆచారం. ఈ విషయంలో పెద్దలతో వాదించడం కష్టమే అయినా, రాత్రి నిద్రలో ఆ దిండు వాడకూడదని నేను గట్టిగా చెబుతాను. కుట్టు విడితే ఆవాలు బిడ్డ ముక్కులోకో నోట్లోకో పోతాయి, దిండు మీద తల ముందుకు వంగితే ఊపిరి ఆడే దారి ఇరుకవుతుంది. తల ఒకవైపు చదును కాకుండా ఉండాలంటే మెలకువగా ఉన్న వేళ, మీరు చూస్తూ ఉండగా, రోజుకు రెండు మూడుసార్లు బోర్లా పడుకోబెట్టి ఆడించండి. ఒక రాత్రి తల తూర్పు వైపు, మరో రాత్రి పడమర వైపు ఉండేలా పడుకోబెట్టినా బిడ్డ వెలుతురున్న వైపు తల తిప్పుకుంటుంది గనుక ఒత్తిడి మారుతూ ఉంటుంది.

చీర ఉయ్యాల గురించి కూడా ఇంతే స్పష్టంగా చెప్పాలి. అందులో బిడ్డ వంగి ముడుచుకున్నట్లు పడుకుంటుంది, గడ్డం ఛాతీకి ఆనుతుంది, బట్ట ముఖం మీదికి కమ్ముకోవచ్చు. పగలు, పక్కన ఒకరు కూర్చుని చూస్తున్నంతసేపు ఊపి, నిద్ర పట్టగానే చదునైన పక్క మీదికి మార్చాలి. రాత్రంతా అందులో వదలడం మానుకోవాలి. బిడ్డ పొర్లడం మొదలుపెట్టిందంటే ఉయ్యాల నుంచి పడే ప్రమాదం కూడా తోడవుతుంది.

తల్లీ బిడ్డా ఒకే పక్క మీద పడుకోవడం మనకు సహజమే అయినా, తల్లిదండ్రుల్లో ఎవరైనా పొగ తాగేవారైతే, మద్యమో మత్తు కలిగించే మందులో తీసుకుని ఉంటే, బిడ్డ తక్కువ బరువుతో పుట్టినదైతే, దానివల్ల ప్రమాదం మరింత ఎక్కువవుతుంది. తల్లి చాపను ఆనుకుని బిడ్డకు విడిగా చిన్న పక్క వేసి, రెండింటి మీదా ఒకే పెద్ద దోమతెర కట్టుకుంటే చెయ్యి చాచిన దూరంలో బిడ్డ ఉంటుంది, ఎవరి ఒళ్లూ, ఎవరి దుప్పటీ దాని మీద పడదు. మెడలో తాయెత్తు తాడు, గొలుసు రాత్రిపూట తీసివేయాలి.

రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి, గజపతి జిల్లాల్లో మలేరియా చాలాకాలంగా ఉన్న సమస్య. అందుకే ఒడిశా ప్రభుత్వం 2017 నుంచి మారుమూల గ్రామాల్లో ‘దమన్’ పేరుతో మలేరియా నివారణ కార్యక్రమం నడుపుతోంది, మందు పూసిన దోమతెరలు పంచింది. ఆ తెరను అంచుల వెంట చాప కిందికి పూర్తిగా మడిచి, ముఖానికి తగలకుండా ఎత్తుగా బిగించి కట్టాలి. వానాకాలంలో నేల మీద పడుకునేవారికి పాముకాటు నుంచి కూడా ఇది కొంత రక్షణ ఇస్తుంది. మూసిన గదిలో దోమల చుట్ట వెలిగించడం, పడుకునే ముందు సాంబ్రాణి పొగ దట్టంగా పట్టడం బిడ్డ ఊపిరితిత్తులకు మంచివి కావు. కోరాపుట్ కొండల మీద చలికాలంలో కిటికీలు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోవడం అందరి ప్రాణాలకూ ప్రమాదమే, ఎందుకంటే దాని నుంచి వచ్చే విషవాయువుకు రంగూ ఉండదు, వాసనా ఉండదు. చలికి బిడ్డకు మరొక చొక్కా తొడగండి, తల మీద టోపీ మాత్రం నిద్రలో ఉంచవద్దు. వేసవిలో ఒక్క నూలు బనీను చాలు. మెడ వెనక చెయ్యి పెట్టి చూస్తే చెమట పట్టిందో లేదో తెలుస్తుంది, చేతులూ కాళ్లూ చల్లగా ఉండడాన్ని బట్టి బట్టలు పెంచకూడదు.

సాయంత్రపు క్రమం

2009లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 405 మంది తల్లులు పాల్గొన్నారు. వారిలో కొందరు రోజూ ఒకే వేళకు స్నానం, ఒళ్లు మర్దన, ఆపైన నిశ్శబ్దమైన పని అనే వరుసను పాటించగా, వారి పిల్లలు త్వరగా నిద్రపోవడం, రాత్రి మెలకువలు తగ్గడం కనిపించాయి. మర్దన, స్నానం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నవే, కాకపోతే మనం వాటిని పొద్దున చేస్తాం. తలంటి స్నానాన్ని పొద్దునకే ఉంచి, సాయంత్రం గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన మెత్తని బట్టతో ఒళ్లు తుడిచి, కాళ్లకు కొంచెం కొబ్బరినూనె రాసి, రాత్రి బట్టలు మార్చితే సరిపోతుంది. తరువాత దీపం తగ్గించి పాలు పట్టాలి, ఆ పైన ఒక జోలపాట, అప్పుడు పక్క. ఇదంతా అరగంట నుంచి ముప్పావు గంటలో ముగియాలి. టీవీ, ఫోను వెలుతురు ఆ సమయంలో బిడ్డ కళ్లకు తగలకూడదు.

వరుసలో పాలు ముందు, పాట తరువాత ఉండడం ముఖ్యం. పాలు తాగుతూ నిద్రపోయే బిడ్డను మార్చవలసినది ఇక్కడే. మింగడం నెమ్మదించి కళ్లు బరువెక్కుతున్నప్పుడు, శుభ్రమైన చిటికెన వేలును నోటి మూల నుంచి మెల్లగా జొనిపి రొమ్ము విడిపించి, తేన్పు వచ్చేదాకా నిలువుగా ఎత్తుకుని, పక్క బట్టలు సరిచేసి, ఆపైన పాట పాడండి. ఆ కాస్త కదలికకు బిడ్డ మళ్లీ కళ్లు తెరుస్తుంది. అదే మనకు కావలసినది.

పగటి కునుకుల విషయంలో ఎక్కువ నియమాలు పెట్టుకోనవసరం లేదు. ఆరో నెల దగ్గర బిడ్డ రెండు గంటలకు కాస్త అటూ ఇటూగా మెలకువగా ఉండగలదు. ఆవులించడం, కళ్లు నులుముకోవడం, చెవి లాక్కోవడం, ఆటబొమ్మ మీద ఆసక్తి పోయి చూపు ఒకచోట నిలిచిపోవడం కనిపించగానే పడుకోబెట్టాలి. ఆ ఘడియ దాటితే బిడ్డ అలసిపోయి మరింత మారాం చేస్తుంది. పగలు గదిలో వెలుతురు, మాటలు మామూలుగానే ఉండనివ్వండి, రాత్రికి మాత్రం చీకటి, నిశ్శబ్దం.

ఆఖరి అడుగు బిడ్డకు వదలడం

మొదటి వారం సాయంత్రపు వరుసను మాత్రమే అలవాటు చేసి, నిద్రపుచ్చే తీరును అలాగే ఉంచండి. రెండో వారంలో ఊపడాన్ని తగ్గించాలి. కళ్లు పూర్తిగా మూతపడేదాకా ఊపే బదులు, రెప్పలు వాలుతుండగా ఉయ్యాలను ఆపి, బిడ్డ మీద చెయ్యి వేసి ఉంచండి. రెండు మూడు రాత్రులు ఇది సాగాక, ఉయ్యాలను వదిలి నేరుగా పక్క మీద, నిద్ర ముంచుకొస్తున్నా ఇంకా మెలకువగా ఉన్నప్పుడే పడుకోబెట్టండి. పక్కనే కూర్చుని ఛాతీ మీదో తొడ మీదో మెల్లగా జోకొట్టండి. ఆ జోకొట్టే చేతిని కూడా క్రమంగా నెమ్మదింపజేసి, నిద్ర పట్టడానికి ఒక నిమిషం ముందే ఆపి ఊరికే అలా ఆనించి ఉంచాలి. తరువాతి రాత్రుల్లో చెయ్యి తీసి పక్కన కూర్చోవాలి, ఆ తరువాత మీ చాప మీద మీరు పడుకుని కళ్లు మూసుకోవాలి. ఒక్కొక్క మెట్టుకు మూడు నాలుగు రాత్రులు ఇవ్వండి. కొందరు బిడ్డలు రెండు మెట్లు ఒకే రాత్రి ఎక్కుతారు, మరికొందరు ఒక్క మెట్టు మీద వారం రోజులు నిలుస్తారు. బిడ్డ స్వభావాన్ని బట్టి నడవాలి గాని పొరుగింటి బిడ్డతో పోల్చుకోకూడదు.

ఏడుపు వస్తే ఏం చేయాలన్నది ప్రతి తల్లినీ వేధించే ప్రశ్న. గునియడం, మూలగడం, కాళ్లు కొట్టుకోవడం ఏడుపు కాదు. ఒకటి రెండు నిమిషాలు కదలకుండా వినండి, చాలాసార్లు అక్కడితోనే సర్దుకుంటుంది. గొంతు పెరిగితే ముందుగా మీ మాట వినిపించండి, చాలకపోతే చెయ్యి వేయండి, అదీ చాలకపోతే ఎత్తుకుని భుజాన వేసుకోండి. ఏడుపు తగ్గగానే, నిద్రపోకముందే, మళ్లీ పక్క మీద పడుకోబెట్టండి. ఒకే రాత్రి ఇలా చాలాసార్లు చేయవలసి రావచ్చు. అరగంట గడిచినా బిడ్డ గుక్కపట్టి ఏడుస్తూనే ఉంటే ఆ రాత్రికి విరమించి, పాత పద్ధతిలోనే నిద్రపుచ్చి, మరునాడు మళ్లీ మొదలుపెట్టండి. అలా విరమించినంత మాత్రాన అంతవరకు నేర్చుకున్నది పోదు.

బిడ్డ గంటసేపు పెనుగులాడితే గాని నిద్రపోవడం లేదంటే, నిద్ర వేళ కాకముందే పడుకోబెడుతున్నారేమో చూడండి. రోజూ తొమ్మిదిన్నరకు నిద్రపోతున్న బిడ్డను ఎనిమిదికే పడుకోబెట్టే బదులు, కొన్నాళ్లు తొమ్మిదిన్నరకే పడుకోబెట్టి, త్వరగా నిద్ర పట్టడం అలవాటయ్యాక, రెండు మూడు రోజులకొకసారి పావుగంట చొప్పున ముందుకు తేవాలి. ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో 43 మంది చంటిపిల్లలతో చేసిన అధ్యయనంలో ఈ పద్ధతినీ, ఏడుస్తున్న బిడ్డ దగ్గరికి వెళ్లే విరామాన్ని క్రమంగా పెంచే పద్ధతినీ పరీక్షించారు. రెండింటిలోనూ పిల్లలు త్వరగా నిద్రపోయారు. ఏడాది తరువాత చూసినప్పుడు తల్లితో వారికున్న అనుబంధంలో గాని, ప్రవర్తనలో గాని ఇతర పిల్లలతో తేడా కనబడలేదు. అయినా విరామాలు పెంచుతూ పోయే పద్ధతి, ఒకే గోడకు ఇటూ అటూ రెండు కుటుంబాలు ఉండే మన ఇళ్లలో పెద్దలూ పొరుగువారూ తట్టుకోలేనిదని నా అభిప్రాయం. మధ్యలో ఎవరో జాలిపడి ఎత్తుకుంటే ఎంత ఎక్కువ ఏడిస్తే అంత త్వరగా ఎత్తుకుంటారన్న సంగతే బిడ్డకు అర్థమవుతుంది. పక్కన ఉండి మెట్టు మెట్టుగా సాగే పద్ధతి నిదానమైనదే అయినా ఇంట్లో అందరూ కలిసి నిలబడగలిగేది.

రాత్రి పాలను ఈ ప్రయత్నంతో ముడిపెట్టి మాన్పించకూడదు. ఆరు నెలల లోపు బిడ్డకు రాత్రి పాలు కావాలి, ఆ తరువాత కూడా చాలామందికి ఒకటి రెండుసార్లు అవసరమే. చిన్న దీపం వెలుగులో, మాటలు లేకుండా పాలు పట్టి, తేన్పు తెప్పించి, మెలకువగానే పక్క మీద ఉంచండి.

ఇంట్లో పెద్దల సహకారం

కోడలు ఒక పద్ధతి, అత్తగారు మరో పద్ధతి పాటిస్తే బిడ్డకు ఏదీ అలవడదు. మొదలుపెట్టే ముందే కూర్చుని, “అత్తయ్యా, పగటి కునుకులు మీ చేతుల మీదుగానే, ఉయ్యాలలో ఊపే కానివ్వండి, నిద్ర పట్టగానే పక్క మీదికి మార్చండి, రాత్రి పక్క మాత్రం నాకు వదలండి” అని చెప్పుకుంటే చాలా ఇళ్లలో గొడవ తీరిపోతుంది. ఆమె పాడే జోలపాటనే రాత్రి వరుసలో చేర్చండి, ఆ గొంతు బిడ్డకు ఇప్పటికే నిద్రకు గుర్తు. రాయగడ దగ్గర జేకేపురం కాగితం మిల్లులో షిఫ్టు డ్యూటీ చేసే తండ్రులు రాత్రి పది దాటాక ఇల్లు చేరితే బిడ్డను లేపి ముద్దు చేయాలని చూస్తారు. ఆ ప్రేమను కాదనలేం గనుక, ఉదయపు ఆటనూ మర్దననూ తండ్రికి అప్పగించడం మేలు. బరంపురంలో రెండేళ్లకొకసారి జరిగే అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర రోజుల్లో మేళాల చప్పుడు అర్ధరాత్రి దాకా ఉంటుంది. వీధి వైపు కిటికీ మూసి, ఫ్యాను వేసి, సాయంత్రపు వరుసను మాత్రం తప్పకుండా పాటించండి. కొత్త మెట్టు ఎక్కించే పనిని యాత్ర ముగిసేదాకా వాయిదా వేయండి.

ఇవ్వకూడనివి

నిద్ర కోసం దగ్గు మందు, జలుబు మందు, నల్లమందు, మద్యం చుక్క వంటివి ఏవీ ఏ మోతాదులోనూ ఇవ్వకూడదు, వీటివల్ల ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. ఏడాది లోపు బిడ్డ నాలుకకు తేనె రాయకూడదు, అందులో ఉండగల సూక్ష్మజీవి నరాలను చచ్చుబడేసే జబ్బు కలిగించవచ్చు. ఆరు నెలల లోపు బిడ్డకు గ్రైప్ వాటర్ కూడా అవసరం లేదు, తల్లిపాలే చాలు.

వైద్యుడికి చూపవలసినవి

నిద్రలో గట్టిగా గురక పెట్టడం, ఊపిరి మధ్యలో ఆగడం, పెదవులు నీలంగా మారడం, ప్రతిసారీ పాలు కక్కుతూ వీపు విల్లులా వంచి ఏడవడం, బరువు పెరగకపోవడం కనిపిస్తే నిద్ర అలవాటు సంగతి పక్కన పెట్టి పిల్లల డాక్టరుకు చూపించండి. మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం వస్తే ఆలస్యం చేయకూడదు. పరిస్థితి తీవ్రంగా ఉంటే 108కి ఫోను చేయండి. జిల్లా ఆసుపత్రిలో తేలని సమస్యలకు బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. బిడ్డ నిద్రపోతున్నా తల్లికి నిద్ర పట్టకపోవడం, కారణం లేకుండా ఏడుపు రావడం, బిడ్డ మీద మనసు లేకపోవడం రెండు వారాలు దాటి కొనసాగితే అది బాలింతలకు వచ్చే కుంగుబాటు కావచ్చు. దానికి చికిత్స ఉంది, ఇంట్లోవారే ముందుకు వచ్చి ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాలి.

ఎనిమిదో నెల నుంచి పదో నెల మధ్య, తల్లి కనుమరుగైతే బెంగపడే వయసులో, చక్కగా నిద్రపోతున్న బిడ్డ కూడా మళ్లీ లేచి ఏడవడం మొదలుపెట్టవచ్చు. జ్వరం వచ్చి తగ్గాక, ప్రయాణాల తరువాత కూడా ఇదే జరుగుతుంది. అప్పుడు మొదటికి పోయి ఉయ్యాల కట్టనవసరం లేదు. పక్కన కూర్చుని చెయ్యి ఆనించే మెట్టు దగ్గర తిరిగి మొదలుపెట్టి, రెండు మూడు రాత్రులకొక మెట్టు చొప్పున మళ్లీ మీ చాప మీదికి మీరు వచ్చేయండి.